ఇల్లు దులపడం, ఒళ్లు తగ్గడం: వంటగట్టు నుంచి మిద్దె దాకా

ముందు ఒక లెక్క. 65 కిలోల మనిషి గంటసేపు బూజు దులిపి, కసువు ఊడ్చి, అరలు తుడిస్తే, ఊరికే కూర్చున్నప్పటికంటే అదనంగా ఖర్చయ్యేది సుమారు 130 కేలరీలు. ఇంత చాకిరీ చేసినాం కదా అని బండి దగ్గర్నుంచి ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తెప్పించుకుంటే ఆ ఖర్చు పూడిపోయి పైన ఇంకా మిగులుతుంది. ఇల్లు సర్దడమే వ్యాయామం అనుకున్నవాళ్లు నెల తర్వాత కాటా ఎక్కి నిరాశపడేది ఇందుకే.

ఇంటికీ ఒంటికీ ఉన్న సంబంధం సర్దిన తర్వాత మొదలవుతుంది. చెయ్యి చాపితే ఏది అందుతుంది, కూరగాయలు కోయడానికి గట్టు మీద చోటుందా, అన్నం గిన్నె ఎక్కడ దించుతారు, ఎండాకాలంలో నడవడానికి జాగా ఉందా, రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతుంది. రోజూ పదిసార్లు జరిగే ఈ పనులన్నిటినీ సామాన్ల అమరికే నడిపిస్తుంది. కాబట్టి ఇల్లంతా ఒకేసారి ఎత్తిపోయకండి. తిండిని మార్చే చోట్లు ముందు సర్దండి. బీరువా, అటక ఆఖరున.

కొలతలు

పొద్దున లేచి కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తాగకముందు, ఒకే రకం పల్చటి బట్టల్లో బరువు చూసుకోండి. కాటాను ఒకే బండ మీద మధ్యలో పెట్టాలి. మన ఇళ్లలో కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచి ఉంటాయి. రెండు బండల అతుకు మీద కాటా పెడితే ఒక కాలు కిందికి దిగి, కిలో అటూ ఇటూ చూపిస్తుంది. చాప మీద పెట్టినా అంతే. ఒక బండకు మూలన చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ అక్కడే చూసుకోండి. వారానికి ఒక్కసారి చాలు.

నడుం కొలవడానికి కుట్టుపని టేపు వాడండి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువైనట్టే. ఎత్తుకు తగ్గ బరువు సంగతికొస్తే, 160 సెంటీమీటర్ల ఎత్తున్నవాళ్లు 59 కిలోలు దాటితే అధిక బరువు, 64 దాటితే ఊబకాయం కింద లెక్క. భారతీయులకు ఈ గీతలు పాశ్చాత్యులకంటే కిందే ఉంటాయి. అంత ఎక్కువ బరువు లేకుండానే మనకు షుగరు వచ్చేస్తుంది మరి.

మూడో కొలత వంటింటిది. ఈ రోజు విప్పిన నూనె ప్యాకెట్, చక్కెర, బెల్లం మీద మార్కరుతో తేదీ రాయండి. అయిపోయిన రోజు కూడా రాయండి. ఈ లెక్క లేకుండా నూనె తగ్గించినామని ఎవరు చెప్పినా నమ్మాల్సిన పని లేదు.

ఏ వేళ, ఎంతసేపు

కర్నూలు, అనంతపురం, కడపల్లో మార్చి నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిది తర్వాత అటక ఎక్కడం తెలివైన పని కాదు. రేకుల కిందైతే అసలే వద్దు. పొద్దున 6 నుంచి 7 లోపల, లేదా సాయంత్రం 6 తర్వాత, రోజుకు 40 నిమిషాలు కేటాయించండి. ఫోనులో అలారం పెట్టి, మోగగానే ఆపేయాలి. ఒక్క అర మాత్రమే బయటికి తీయండి, అది తిరిగి పెట్టేదాకా రెండోది ముట్టకండి. ఆదివారం మొత్తం తీసి పరిస్తే మధ్యాహ్నం రెండింటికి పొయ్యి వెలిగించే చోటు కూడా ఉండదు. ఆ పూట బయటి బిర్యానీయే గతి. కడిగే పని ఉంటే మీ వీధికి కుళాయి నీళ్లు వచ్చే రోజు చూసుకోండి.

నాలుగు గోతాలు లేదా బకెట్లు దగ్గర పెట్టుకోండి: ఇక్కడే ఉండేవి, వేరే గదికి పోయేవి, ఎవరికైనా ఇచ్చేవి, పారేసేవి. తర్వాత చూద్దాం అనే అయిదో గోతం పెట్టొద్దు. అది నిండినాక అటకెక్కి, అయిదేళ్లు అక్కడే ఉంటుంది. సర్దడం పూర్తయ్యేదాకా కొత్త ప్లాస్టిక్ డబ్బాల సెట్టు కొనొద్దు. ఏం మిగులుతుందో తెలియకుండా కొన్న డబ్బాలే రేపటి చెత్త.

వంటగట్టు: రెండడుగుల ఖాళీ

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే చోటు ఇదే, కాబట్టి మొదటి రోజు ఇదే పట్టండి.

చాలా ఇళ్లలో పొయ్యి పక్కన ఏముంటాయో చూడండి: మిక్సీ, దాని మూడు జార్లు, తోమిన బోకుల బుట్ట, నూనె క్యాను, ఊరగాయ జాడీలు, పొడుల సీసాలు, బిస్కెట్ ప్యాకెట్, నిన్నటి చక్రాల డబ్బా, మందుల కవరు. కత్తిపీట పెట్టుకునే చోటే ఉండదు. చోటు లేనప్పుడు ఆగిపోయేది కూర. బీన్సో బీరకాయో కోయడం బరువనిపించి, చెనిక్కాయ పొడి, ఊరగాయ, నెయ్యితో పూట గడిచిపోతుంది. కూర లేని అన్నం కారంతో తింటే రెండో వడ్డింపు తప్పదు. పొడిలో నూనె, నెయ్యి, ఉప్పు, పైగా ఇంకో గరిటెడు అన్నం. రాయలసీమ వంటింట్లో పొట్ట పెరిగే దారి చాలామటుకు ఇదే. పొడి తినడం తప్పు కాదు. కూరకు బదులుగా అది నిలబడినప్పుడే చిక్కు.

చేయాల్సింది ఇదీ. గట్టు మీదున్నవన్నీ కిందికి దించండి. కడప బండ సున్నపురాయి జాతి కాబట్టి నిమ్మకాయ, వెనిగర్, బాత్రూమ్ యాసిడ్ తగిలితే తెల్లగా పొడిచి మచ్చ పడుతుంది. సబ్బునీళ్లు, పీచు చాలు. తుడిచి ఆరాక తిరిగి పెట్టేవి అయిదే: పొయ్యి, పోపుల పెట్టె, ఉప్పు, కోసే పలక లేదా కత్తిపీట, 200 మిల్లీలీటర్లకు మించని చిన్న నూనె సీసా. పొయ్యికి ఒక పక్కన రెండడుగుల బండ పూర్తిగా ఖాళీగా ఉండాలి. మిక్సీకి ప్లగ్గు అక్కడే ఉంటే మిక్సీ ఒక్కటి ఉండనివ్వండి, జార్లు కిందికి. నూనె క్యాను గట్టు కిందికి పోవాలి. క్యాను వంచి పోసే చెయ్యి కొలత చూడదు. సీసా నుంచి స్పూనులోకి, స్పూను నుంచి మూకుట్లోకి పోయాలి. పెద్ద స్పూను నూనె 120 కేలరీలు, టీస్పూను 45.

రాత్రి పడుకునే ముందు ఆ రెండడుగుల్లో కోసే పలక, మరుసటి రోజు కూరగాయలు ఒక చేటలో పెట్టి ఉంచండి. పొద్దున కళ్లకు మొదట కనపడేది అదే కావాలి.

అరలు: కళ్ల ఎత్తున ఏముండాలి

పాత ఇళ్లలో గోడలో కడప బండలు దూర్చిన అరలకు తలుపులుండవు. ఏది పెట్టినా రోజంతా కనిపిస్తూనే ఉంటుంది. తలుపులు చేయించాల్సిన పని లేదు, డబ్బాలు మార్చితే చాలు. గాజు సీసాల్లో, పారదర్శక డబ్బాల్లో ఉండాల్సినవి కందిపప్పు, పెసలు, ఉలవలు, అలసందలు, కొర్రలు, రాగిపిండి. ఇవి కళ్ల ఎత్తున. మురుకులు, మిక్చరు, బిస్కెట్లు, బెల్లం బొరుగుల ఉండలు గట్టి మూతున్న స్టీలు డబ్బాలోకి, స్టూలు వేసుకుంటే గానీ అందని అరకు. పిల్లలకు ఇచ్చేది సాయంత్రం ఒక గిన్నెలో వేసి ఇవ్వండి, డబ్బా మాత్రం కిందికి దిగకూడదు. స్టూలెక్కి తీసుకోవడం కష్టమేమీ కాదు గానీ, ఆ పది సెకన్లలో సగంసార్లు మనసు మారుతుంది.

బి.పి. తక్కువగా ఉండి కళ్లు తిరిగేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు స్టూలు జోలికి పోవద్దు. వాళ్ల ఇంట్లో ఆ డబ్బాను వేరే గదిలో, బట్టల బీరువా కింది అరలో పెట్టండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

చెనిక్కాయలకు వేరే పేరా కావాలి, ఎందుకంటే ఈ మూడు జిల్లాల్లో అవి చిరుతిండి కాదు, పంట. ఖరీఫ్ కోత అయ్యాక మూట ఇంట్లోకి వస్తుంది, అది ఏ పడసాల మూలనో కూర్చుంటుంది. వేయించిన గింజలు గుప్పెడు, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు. మాంసకృత్తులున్న మంచి తిండే, కానీ అటూ ఇటూ పోతూ నాలుగు గుప్పెళ్లు తింటే పూట భోజనమంత అయింది. మూటను నడిచే దారి నుంచి తీసేయండి. తినడానికి ఉంచేవాటిని పొట్టు తీయకుండా, కాయగానే ఉంచండి. ఒలుచుకుంటూ తింటే చెయ్యి నెమ్మదిస్తుంది, ముందు పొట్టు కుప్ప కనిపిస్తుంది. వలిచిన గింజలు చట్నీకి కావాల్సినన్ని మాత్రమే, పావుకిలో డబ్బాలో.

మూట విప్పినప్పుడే ఏరివేత కూడా చేయండి. ముడతలు పడినవి, రంగు మారినవి, పచ్చని లేదా నల్లని బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి పారేయాలి. బూజు వల్ల ఆఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది వేయించినా పూర్తిగా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆవులకో బర్రెలకో వేస్తే సరిపోతుందనుకోవద్దు, పాల ద్వారా అది మళ్లీ మీ ఇంటికే వస్తుంది. తడి తగలని చోట, నేలకు ఆనకుండా చెక్క పలక మీద మూట నిలబెట్టండి.

పిండ్ల సంగతి. రాగులు గింజగా ఏళ్ల తరబడి నిలువ ఉంటాయి, పిండి ఉండదు. సజ్జపిండి అన్నిటికంటే త్వరగా ముక్కుతుంది. రెండు వారాలకు సరిపడా మాత్రమే ఆడించుకుని డబ్బా మీద తేదీ రాయండి. జొన్నపిండి పాతదైతే రొట్టె తట్టేటప్పుడు అంచులు పగిలిపోతాయి, విసుగొచ్చి రొట్టె మానేసి అన్నం వండుతారు. అర వెనకాల ఎప్పటిదో తెలియని పిండి పొట్లం దొరికితే వాసన చూసి తేల్చేయండి.

ఒకసారి పూరీలకు కాచిన నూనెను సీసాలో పోసి దాచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ నూనె ఉంది కదా అని మళ్లీ వడియాలు, అప్పడాలు వేయిస్తారు. పదేపదే కాగితే నూనె చెడుతుంది కూడా. వ్యాపారం చేసేవాళ్లకైతే పోలార్ పదార్థాలు (నూనె కాగేకొద్దీ అందులో పుట్టి పేరుకునేవి) 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధనే ఉంది. ఇంట్లో కొలిచే వీలు లేదు కాబట్టి, చిన్న మూకుడులో తక్కువ నూనె పోసి వేయించండి. మిగిలింది వడగట్టి ఒకటి రెండు రోజుల్లో పోపులకు వాడేయండి. నల్లబడితే బూడిదలోనో రంపపు పొట్టులోనో కలిపి పారేయండి, సింకులో పోస్తే గొట్టం పూడుకుపోతుంది.

ఊరగాయ జాడీ భోజనం చేసే చోటుకు రావద్దు. 100 గ్రాములు పట్టే చిన్న గిన్నెలోకి తీసుకుని, అది వారానికి అనుకోండి. అవ్వ ఉన్న ఇంట్లో ఈ మాట అనడం కష్టమే, కానీ గిన్నె చిన్నదైతే ఆమె కూడా ఏమీ అనదు.

నెలకు ఎంత కొనాలి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల రోజువారీ పళ్లెంలో బియ్యం, రాగి, జొన్న లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పాలు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. దీన్ని నలుగురు పెద్దవాళ్ల ఇంటికి, 30 రోజులకు మార్చి చూడండి. ధాన్యాలు 30 కిలోలు. అందులోనే ఉప్మారవ్వ, గోధుమపిండి, దోశ బియ్యం, ఉగ్గాని బొరుగులు అన్నీ వస్తాయి. నూనె, నెయ్యి కలిపి 3.25 కిలోలు. లీటరు నూనె తూగేది 910 గ్రాములే కాబట్టి మూడున్నర లీటర్లు. ప్యాకెట్ మీద లీటర్లు కాకుండా గ్రాములు చూడండి.

మీ ఇంట్లో ఆరు లీటర్లు అవుతోందనుకుందాం. అదనంగా పోయిన నూనెను మనిషికి, రోజుకు పంచితే 18 గ్రాములు, 165 కేలరీలు. ఎవరూ ఎక్కువ తిన్నట్టు ఒప్పుకోరు, కానీ ఖాళీ ప్యాకెట్లు ఒప్పుకుంటాయి.

ఒక్కసారిగా సగానికి కోయొద్దు. నెలకు ఒక లీటరు చొప్పున తగ్గించండి. వంకాయ కారానికి నూనె తేలకపోతే రుచి రాదని ఇంట్లో గొడవ రావచ్చు. వంకాయలను ముందు కొంచెం ఉప్పునీళ్లలో సగం ఉడికించి, తర్వాత కారం పెట్టి మగ్గిస్తే సగం నూనె సరిపోతుంది. కారం దోశ మీద వెన్న ముద్ద మాత్రం మానడం కష్టం, దాన్ని వారానికి ఒక రోజుకు పరిమితం చేయండి.

అంగడికి పోయే ముందు ఫోనుతో అరల ఫొటో తీసుకోండి. ఇంట్లో మూడు ప్యాకెట్ల శెనగపిండి ఉండి నాలుగోది కొనడం జ్ఞాపకం లేకనే. ఇంట్లో శెనగపిండి కుప్ప పడితే బజ్జీలు పడతాయి.

వడ్డన

అన్నం గిన్నె చుట్టూ అందరూ కూర్చునే పద్ధతి మార్చండి. కూర, పప్పు, మజ్జిగ భోజనాల దగ్గరికి రావాలి, అన్నం పొయ్యి దగ్గరే ఉండాలి. పళ్లేల్లో అక్కడే పెట్టి తేవాలి. రెండోసారి కావాలంటే లేచి పోవాలి. దీనికి ఒకే గరిటె వాడండి, రోజుకో గరిటె మారితే కొలత పోతుంది.

సంగటి ముద్ద చూపుకు మోసం చేస్తుంది, నీళ్లు ఎంత పోసినారన్న దాన్ని బట్టి సైజు మారుతుంది. వండాక తూచొద్దు, వండక ముందు తూచండి. బియ్యం, రాగిపిండి కలిపి మనిషికి 75 గ్రాములు వేస్తే వచ్చే ముద్ద దాదాపు 250 కేలరీలు. పప్పు, ఆకుకూర, కోడిపులుసు ఏదైనా దానితో ఒక పూటకు చాలు.

మిగిలిపోతుందని తినేయడం అనే జబ్బుకు మందు కొలిచి వండడమే. వారం పాటు రాత్రి గిన్నెలో ఎంత మిగిలిందో చూసి, అంత బియ్యం తగ్గించండి. అన్నం పారేయడం మనవాళ్లకు చేతకాదు, చేతకాకూడదు కూడా. మిగిలితే చద్దన్నంగా మజ్జిగ, ఉల్లిపాయతో పొద్దున టిఫినుకు బదులు తినండి, టిఫినుకు తోడుగా కాదు. చిత్రాన్నం చేస్తే మళ్లీ నూనె, చెనిక్కాయలు పడతాయని గుర్తుంచుకోండి.

పడసాల

ఇక్కడ రెండే పనులు. టీవీ ముందు తినే సామాను ఏదీ ఉండకూడదు, నేల మీద ఆరడుగులు బై మూడడుగుల చాప పరిచే జాగా ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. బట్టల కుప్ప ఉన్న కుర్చీని ఖాళీ చేసి, దాన్నే వాడండి: చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, కాసేపు ఆగి మళ్లీ పది, మళ్లీ పది. మోకాలు నొప్పైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. ఇంట్లో ఉన్న లీటరు నీళ్ల సీసా కిలో బరువు, అదే డంబెల్. ఇలాంటి కండరాల పని వారానికి రెండు రోజులు, చురుకైన నడక వారానికి కనీసం 150 నిమిషాలు. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇదే.

మిద్దె ఖాళీ చేయండి

మన వైపు ఇళ్లకు పైన చదునైన మిద్దె ఉండడం అదృష్టం. దాని మీద విరిగిన మంచం, తుప్పు పట్టిన కూలరు, పాత టైర్లు, పగిలిన తొట్లు, మిగిలిన ఇటుకలు పేర్చి ఉంచడం మన అలవాటు. అవి తీసేస్తే నడిచే దారి, ఎండాకాలంలో పడుకునే చోటు రెండూ దొరుకుతాయి.

ఇటుకల కింద, గోతాల కింద తేళ్లు, జెర్రులు ఉంటాయి. చెప్పులతో పోవద్దు, బూట్లు వేసుకోండి. మందపాటి చేతితొడుగులు తప్పనిసరి. ఏ వస్తువునైనా ముందు పొడుగాటి కర్రతో తట్టి, మీ వైపుకు కాకుండా అవతలి వైపుకు తెరుచుకునేలా ఎత్తండి. చీకట్లో ఈ పని వద్దు. తేలు కుడితే కోయడం, కట్టు బిగించడం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోండి. పిల్లలకైతే, లేదా వాంతులు, ఒళ్లంతా చెమట, చేతులు కాళ్లు చల్లబడడం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఇనుము, ప్లాస్టిక్, పాత పేపర్లు పాత సామాన్ల బండికి వేయండి. భోగి మంట కోసం ప్లాస్టిక్, టైర్లు దాచిపెట్టకండి, ఆ పొగ ఇంటిల్లిపాదికీ చెడ్డది.

ఖాళీ అయ్యాక దారి కొలవండి. మిద్దె 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు అనుకుందాం. పిట్టగోడకు రెండడుగులు ఎడంగా నడిస్తే ఒక చుట్టు 84 అడుగులు, అంటే దాదాపు 25.6 మీటర్లు. 39 చుట్లకు కిలోమీటరు. పది చుట్లకోసారి దిశ మార్చండి, లేకపోతే ఒకే వైపు తిరిగి తిరిగి మోకాలు పట్టేస్తుంది. పది చెనిక్కాయ గింజలు పిట్టగోడ మీద పెట్టి, పది చుట్లకు ఒకటి చొప్పున పక్కకు జరిపితే లెక్క తప్పదు (తినేస్తే తప్పుతుంది). పిట్టగోడ మూడడుగులకంటే తక్కువున్న మిద్దె మీద చీకట్లో నడవొద్దు. సొంత మిద్దె లేకపోతే పొద్దున ఏడులోపు దగ్గర్లోని స్కూలు మైదానం.

పడకగది, బీరువా

నిద్ర తక్కువైతే మరుసటి రోజు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి, నూనె వస్తువుల మీదికి పోతుంది. మంచం మీద మడతపెట్టని బట్టలు, మంచం కింద ట్రంకు పెట్టెలు, వాటి మీద దుమ్ము, దానితో తుమ్ములు. ముందు మంచం కింద ఖాళీ చేసి, తడి గుడ్డతో తుడవండి. పొడి పరకతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ మంచం మీదే కూర్చుంటుంది. ఫోను ఛార్జర్‌ను పడసాలలోకి మార్చండి. ఏడు గంటల నిద్ర లెక్క వేసుకుని దీపం ఆర్పండి.

బీరువాలో సన్నబడినాక వేసుకుందాం అన్న బట్టలు ఒక్క జత మాత్రమే ఉంచండి, అదీ మీకు ఇప్పుడున్న కొలతకు ఒక సైజు తక్కువది. నెలకోసారి వేసి చూడండి. పదేళ్ల కిందటి జత ఎదురుగా వేలాడుతుంటే అది ధైర్యం చెప్పదు, కుంగదీస్తుంది.

జాకెట్ల గురించి ఒక మాట. మన దర్జీలు పక్క కుట్ల లోపల రెండు మూడు వరసల గుడ్డ వదులుతారు. బిగుతైనప్పుడల్లా ఒక కుట్టు విప్పుకుంటూ పోతే ఒళ్లు పెరిగిన సంగతి ఏడాదిదాకా తెలియదు. నైటీలు, ఎలాస్టిక్ ప్యాంట్లు, లుంగీలు కూడా ఇలాగే దాచేస్తాయి. బాగా పట్టే జాకెట్ ఒకటి, బెల్టు పెట్టుకునే ప్యాంటు ఒకటి ఎంచుకుని, వాటి కుట్టు, రంధ్రం ముట్టకండి. కాటా పాడైనా అవి చెబుతాయి. వదులైన బట్టలను మాత్రం వెంటనే ఇచ్చేయండి లేదా కుట్టు బిగించండి. ఉంచితే మళ్లీ వాటిలోకి నిండడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఎంత తగ్గుతుంది

కిలో కొవ్వు కరగడానికి దాదాపు 7700 కేలరీల లోటు కావాలి. నాలుగు టీలు తాగేవాళ్లు కప్పుకు ఒక స్పూను చక్కెర తగ్గిస్తే 80, గుప్పెడు చెనిక్కాయలు మానితే 170, రెండు టీస్పూన్ల నూనె తగ్గితే 90, మిద్దె మీద అరగంట చురుకైన నడకకు 100. మొత్తం రోజుకు 440. ఈ లెక్కన నెలకు కిలోన్నర, కిలోముప్పావు. మొదటి వారంలో కిలో పోతే సంతోషించండి గానీ అందులో సగానికి పైగా నీళ్లే. కొన్ని నెలలకు బరువు నిలబడిపోవచ్చు, అప్పుడు నూనె తేదీలు మళ్లీ చూడండి, తొంభై శాతం ఇళ్లలో అని చెప్పలేం గానీ చాలా ఇళ్లలో క్యాను మళ్లీ గట్టు మీదికి వచ్చి ఉంటుంది. 70 కిలోలవాళ్లు మూడున్నర కిలోలు తగ్గినా షుగరు, బి.పి.ల్లో తేడా కనిపిస్తుంది.

ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టరుకు చెప్పి మోతాదు సరిచూసుకోవాలి. ఖాళీ కడుపుతో అటక దులపడానికి ఎక్కొద్దు. చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు షుగరు చూసుకోవాలి. ఏ ప్రయత్నమూ లేకుండానే బరువు తగ్గుతుంటే అది సంతోషించే విషయం కాదు, పరీక్షలు చేయించుకోవాలి.

గొడవలు

అత్తగారి డబ్బాలు ఆమె లేనప్పుడు సర్దకండి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో డబ్బా చేతికిచ్చి అడగండి: అత్తా, ఇది ఈ నెల వాడినామా? వాడలేదంటే ఆమే పక్కన పెడతారు. వాడతామంటే ఉంచండి, అది మీ లెక్కలోది కాదు. ఇంట్లో పోయినవాళ్ల వస్తువులు కూడా ఈ పనిలో ముట్టొద్దు. వాటికి వేరే రోజు, వేరే మనసు కావాలి. భర్త చెనిక్కాయల మూట ముట్టొద్దంటే మూటను కాదు, దాని చోటును మార్చండి.

పండగ పిండివంటలను కిలోల లెక్కన మొదలుపెట్టొద్దు, తలల లెక్కన పెట్టండి. ఓళిగలు (బొబ్బట్లు) మనిషికి రెండు, పక్కింటివాళ్లకు, పనిమనిషికి ఇచ్చేవి వేరే. నెయ్యితో ఒక్కో ఓళిగ 200 కేలరీలు దాటుతుంది. చేసిన రోజు సాయంత్రంలోపే పంచేయండి, మర్నాడు మిగిలిన డబ్బా మూత ఎన్నిసార్లు లేస్తుందో ఎవరూ లెక్కపెట్టరు. అరిసెలు, కజ్జికాయలు వారాల తరబడి నిలువ ఉండడమే వాటితో వచ్చిన తంటా.

నెలకోసారి, సరుకులు ఇంట్లోకి దిగకముందు, పావుగంట ఈ వరసలో చూడండి: గట్టు మీద రెండడుగులు ఖాళీగా ఉన్నాయా, నూనె ఎన్ని రోజులొచ్చింది, స్టీలు డబ్బా పై అరలోనే ఉందా, మిద్దె మీద కొత్తగా ఏం చేరింది. తర్వాత సంచులు విప్పండి.